ఈ వాక్యం ఏ పని మీద వచ్చింది?

(గిడుగు వెంకట రామమూర్తి జయంతి సందర్భంగా బెంగళూరు కుందలహళ్ళిలో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరున మాట్లాడమంటే వ్యావహారిక భాషోద్యమం కథ చెబుతానని మీరు అనుకుని ఉంటారు. ఆ కథ మీకు తెలిసిందే. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ దాన్ని చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ పూట దాని పక్కనే ఉన్న ఇంకో సంగతి మీ ముందు పెడతాను. పాఠ్యపుస్తకం, పరీక్ష జవాబు, ప్రాజెక్టు రిపోర్టు, పరిశోధన వ్యాసం, సిద్ధాంత గ్రంథం, ఇలా చదువు కోసం పుట్టే రాతలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటీ ఏ పని మీద పుడుతుంది? ఆ పనిని దాని భాషలో ఎలా పసిగట్టాలి? నేను మాట్లాడదలచుకున్నది ఇదే.

కుందలహళ్ళిలో ఈ మాట ఎత్తడానికి కారణం లేకపోలేదు. ఐటీపీఎల్ రోడ్డు పొడవునా, ఏఈసీఎస్ లేఅవుట్ సందుల్లో, బ్రూక్‌ఫీల్డ్ పీజీల్లో అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు పిల్లలు ఎందరో ఉన్నారు. ఇంటికి ఫోన్ చేస్తే తెలుగు, అంగట్లో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు. వీళ్ళలో ఇంజనీరింగ్ చదివే చాలామంది చేతికి విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం ప్రశ్నపత్రం వస్తుంది. అందులో ప్రతి ప్రశ్నకు కుడివైపు చిన్న గడులు ఉంటాయి. ఒకటి మార్కులది, ఇంకొకటి బ్లూమ్ స్థాయిది. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో వేయగా, 2001లో సవరించిన మెట్ల వరుస అది. గుర్తు తెచ్చుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, బేరీజు వేయడం, కొత్తది కల్పించడం అని ఆరు మెట్లు. అంటే నీ జవాబు ఏ పని చేయాలో ప్రశ్నపత్రమే చెబుతోంది. మన పిల్లలు మాత్రం మార్కుల గడినే చూస్తారు. పది మార్కులంటే మూడు పేజీలు. ‘నిర్వచించండి’ అన్నా, ‘పోల్చండి’ అన్నా, ‘సమర్థించండి’ అన్నా అదే వ్యాసం, అదే వరుస. తప్పంతా పిల్లలదే అనలేం. రాతకు పని ఉంటుందని వాళ్ళకు చెప్పినవారు తక్కువ.

ఇది పడమటి నుంచి దిగుమతైన ఆలోచన అనుకోనక్కరలేదు. మన శాస్త్ర సంప్రదాయంలో గ్రంథం మొదలుపెట్టేవాడు నాలుగు సంగతులు తేల్చాలి. దేన్ని గురించి రాస్తున్నాడో అది విషయం. ఎందుకు రాస్తున్నాడో అది ప్రయోజనం. గ్రంథానికీ విషయానికీ ఉన్న లంకె సంబంధం. ఎవరు చదవాలో వారు అధికారులు. ఈ నాలుగింటినీ కలిపి అనుబంధ చతుష్టయం అన్నారు. వీటిలో ప్రయోజనం తేలకపోతే మిగతా మూడూ గాలిలో ఉంటాయి.

ఈ సంగతి బాగా ఎరిగినవాడు మన ఆంధ్ర నైయాయికుడు అన్నంభట్టు. 17వ శతాబ్దంలో ఆయన తర్కసంగ్రహం రాశాడు. పిల్లలకు తేలిగ్గా తెలియడానికి రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. అందుకే అందులో వాక్యాలు పొట్టివి, నిర్వచనాలు సూటివి, చర్చ తక్కువ. ఆ పుస్తకానికే దీపిక అనే వ్యాఖ్య కూడా తానే రాశాడు. అక్కడ గొంతు మారిపోతుంది. ఈ నిర్వచనం ఎందుకు ఇలా ఉంది, ఇలా కాకపోతే ఏమవుతుంది, ఎదుటివాడు ఏమంటాడు, దానికి సమాధానం ఏమిటి అంటూ నడుస్తుంది. రచయిత ఒక్కడే, విషయమూ ఒక్కటే. ప్రయోజనం వేరు కాబట్టి భాష వేరైంది. మొదటిది నేర్పుతుంది, రెండోది నిలబెడుతుంది.

దీపికలో ఒక చోటును దగ్గరగా చూడండి. నిర్వచనానికి మూడు దోషాలు రావచ్చు. ఆవును నిర్వచించాలి. కపిలవర్ణం కలది ఆవు అంటే ఆ రంగు లేని ఆవులన్నీ బయట ఉండిపోతాయి. అది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా లోపలికి వచ్చేస్తుంది. అది అతివ్యాప్తి. చీలని ఒంటి గిట్ట కలది ఆవు అంటే అలాంటి ఆవు ఎక్కడా ఉండదు. అది అసంభవం. మెడ కింద గంగడోలు ఉన్నది ఆవు అంటే నిలుస్తుంది. నిర్వచించమని అడిగిన ప్రశ్నకు మూడు పేజీలు రాసే విద్యార్థికి ఇంతకు మించిన పాఠం ఉందా? నిర్వచనం పని హద్దు గీయడం. హద్దు లోపల ఉండాల్సింది బయట పడకూడదు, బయటిది లోపలికి రాకూడదు. ఆ పని రెండు వాక్యాల్లో అయిపోతే మూడోది రాయకూడదు.

వ్యాఖ్యానానికి ఇంకో క్రమశిక్షణ ఉంది. మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. మూలంలో ఆధారం లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అన్నది ఆయన పెట్టుకున్న నియమం. నేటి పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో మొదటి అధ్యాయం నిండా కవి పుట్టిన ఊరు, వంశవృక్షం, సమకాలీన రాజకీయాలు నింపుతాడు. అందులో ఎంత భాగం తన వాదానికి అక్కరకు వస్తుందని అడిగితే జవాబు ఉండదు. ఆ ప్రశ్న అడగడానికి మల్లినాథుడు చాలు.

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. తెలుగు వాక్యం చేసే పని చాలావరకు దాని చివరి మాటలో బయటపడుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. మన కుందలహళ్ళి చెరువు మీద ఒక విద్యార్థి రిపోర్టు రాస్తున్నాడని అనుకోండి. ఈ వాక్యాలు నేను కల్పించినవి, కొలతలుగా తీసుకోకండి.

‘చెరువు అంటే కట్ట వేసి ఆపిన వాననీటి నిల్వ.’ ఇది నిర్వచనం. దీనికి సమాపక క్రియ లేదు, కాలం లేదు. ‘చెరువుకు ఒక వైపు కట్ట, మిగతా వైపుల ఇళ్ళు ఉన్నాయి.’ ఇది వర్ణన. ‘వానకు ముందూ తరువాతా ఒకే చోట నీరు పట్టి, సీసాల మీద తేదీ రాశాం.’ ఇది విధానం. ఎవరు చేశారో, ఏ వరుసలో చేశారో చెబుతుంది. ‘వాన తరువాత నీటిలో ఆక్సిజన్ తగ్గింది.’ ఇది ఫలితం. ‘మురుగు కలవడం వల్ల తగ్గి ఉండవచ్చు.’ ఇది ఊహ. ‘చెరువుకు నీరు తెచ్చే రాజకాలువలో మురుగును ఆపనంతవరకు చెరువులో పూడిక తీసి లాభం ఉండదు.’ ఇది వాదం. ‘ఇంత మాట అనడానికి రెండు సీసాల నీరు చాలదు.’ ఇది బేరీజు. ‘ఏడాది పొడవునా నెలకోసారి కొలవాలి.’ ఇది సిఫారసు.

ఆ చివరి మాటలను మరోసారి వరసగా చూడండి. ఉన్నాయి, రాశాం, తగ్గింది, ఉండవచ్చు, ఉండదు, చాలదు, కొలవాలి. వీటిలో ఒకదాని స్థానంలో ఇంకొకటి పెడితే తప్పు భాషలో కాదు, నిజాయితీలో జరుగుతుంది. ‘తగ్గి ఉండవచ్చు’ అనాల్సిన చోట ‘తగ్గింది’ అన్నవాడు తనకు తెలియనిది తెలిసినట్టు చెప్పాడు. ‘తగ్గింది’ అనాల్సిన చోట ‘తగ్గి ఉండవచ్చు’ అన్నవాడు తాను కొలిచిన దాన్ని తానే నమ్మడం లేదు.

విధానం రాసేటప్పుడు మనకు ఒక పాడు అలవాటు ఉంది. ‘నమూనాలు సేకరించబడినవి, పరీక్షించబడినవి, నమోదు చేయబడినవి’ అని రాస్తాం. ఇంగ్లీషు ప్రయోగశాల భాషను అనుకరించే ‘బడు’ ఇది. తెలుగులో చేసినవాడు వాక్యంలోనే ఉంటాడు. ‘సేకరించాం, పరీక్షించాం’ అంటే శాస్త్రీయత ఏమీ తగ్గదు, బాధ్యత పెరుగుతుంది. ఇక ‘అట’. ఇంట్లో కబుర్లకు బంగారంలాంటి ప్రత్యయం అది. తాను చూడలేదని, ఎవరో చెప్పగా విన్నానని ఒక్క మాటతో తేల్చేస్తుంది. పరిశోధనలో ఆ ‘ఎవరో’ ఎవరన్నది చెప్పాలి కాబట్టి దాన్ని వదిలేస్తాం. వదిలేసి ‘పండితులు చెబుతారు’ అని రాస్తే మాత్రం ‘అట’ వేషం మార్చుకుని వచ్చినట్టే.

విధానం చెప్పే రాతను తక్కువగా చూడటం ఇంకో పొరపాటు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక వ్యాసం అచ్చువేశారు. ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి అది. మాలిబ్డేట్ కలిపి, తగిన రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువో నీలం అంత చిక్కన. ఆ వ్యాసానికి ఉన్న పని ఒక్కటే. చదివినవాడు తన గదిలో అదే పని చేసి అదే ఫలితం తెచ్చుకోవాలి. దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి వాడారు. ఆ కొలత చేతిలో ఉండబట్టే రెండేళ్ళకు, 1927లో, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని వారు ప్రకటించగలిగారు. మొదటి వ్యాసం ‘ఇలా చేయండి’ అంటుంది. రెండోది ‘మేం ఇది చూశాం’ అంటుంది. పేరు మోసేది రెండోదే కావచ్చు. దాన్ని నిలబెట్టింది మొదటిది.

ఒకే సంగతిని రెండు పనుల కోసం రెండు రకాలుగా చెప్పిన ఉదాహరణ మన బెంగళూరులోనే ఉంది. 1928 ఫిబ్రవరి 16న సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ కలకత్తా నుంచి నేచర్ పత్రికకు చిన్న లేఖ పంపారు. కొత్త రకం వికిరణం కనిపించిందన్న ప్రకటన అది. మేమే చూశామని నమోదు చేసుకోవడం దాని పని. సరిగ్గా నెల తరువాత, మార్చి 16న, రామన్ బెంగళూరులో దక్షిణ భారత విజ్ఞాన సంఘం ప్రారంభ సభలో అదే విషయం మీద ఉపన్యాసం చేశారు. అక్కడ తీరిక ఉంది, ఎదురుగా శ్రోతలు ఉన్నారు. అందుకే ఆ ఆలోచన దగ్గరికి ఎలా వచ్చారో, ఏమేం ప్రయోగాలు చేశారో, ఇంకా తేలాల్సిన ప్రశ్నలు ఏవో వరసగా చెప్పారు. లేఖలో ఈ కథంతా చెబితే సంపాదకుడు కోసేస్తాడు. ఉపన్యాసంలో లేఖంత పొడిగా మాట్లాడితే శ్రోత లేచిపోతాడు.

నిరూపణ భాష వీటన్నిటికీ వేరు. సి.ఆర్. రావుగారు తెలుగువారు. పుట్టింది నేటి కర్ణాటకలోని హడగలిలో. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా గణిత సంఘం పత్రికలో ఆయన రాసిన వ్యాసం సంఖ్యాశాస్త్రంలో ఎంత కచ్చితంగా అంచనా వేయడం సాధ్యమో హద్దు చెప్పింది. క్రామర్-రావు హద్దుగా నేడు అది ప్రపంచానికి తెలుసు. గణిత నిరూపణలో ‘కావచ్చు’కు చోటు లేదు. ‘అనుకుందాం, అయితే, కాబట్టి’ అన్న మెట్ల మీదనే నడక. ఆ మెట్ల భాషను చరిత్ర వ్యాసంలో వాడితే డాంబికంగా ఉంటుంది. చరిత్రలోని ‘తోస్తుంది’ని గణితంలో వాడితే నవ్వుతారు.

చరిత్రలో ‘తోస్తుంది’ ఎందుకు అవసరమో సురవరం ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1949లో వచ్చిన ఈ పుస్తకానికే 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. రాజుల వరసలు పక్కన పెట్టి జనం తిండి, బట్ట, ఆటలు, పండుగల చరిత్ర రాశారు. వాటికి ఆధారాలు చాలావరకు కావ్యాలు. కవి అంగడిని వర్ణించింది పాఠకుణ్ణి మురిపించడానికి, చరిత్రకారుడికి సాక్ష్యం ఇవ్వడానికి కాదు. ఒక పని మీద పుట్టిన రాతను ఇంకో పనికి వాడుకున్నప్పుడు మాట తీరులో జాగ్రత్త ఉండాలి. కవి గొప్ప కోసం పెంచి చెప్పిందెంత, కళ్ళారా చూసి చెప్పిందెంత అని విడదీసుకోవాలి.

ఇక గిడుగువారి దగ్గరికి వస్తాను. గ్రాంథిక, వ్యావహారిక వాదాల పోరును భాషల పోరుగానే చూస్తాం. అందులో ప్రయోజనాల తికమక కూడా ఉందని నా అభిప్రాయం. పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం ప్రకటించారు. ప్రధానంగా కావ్యభాషను చూసి కట్టిన సూత్రాలు అవి. ఆ పనికి అంత చక్కని పుస్తకం ఇంకొకటి లేదు. చిక్కు తరువాత వచ్చింది. బడిపిల్లవాడు రాసే ఉత్తరానికి, భూగోళ పాఠానికి, వ్యాసరచన పరీక్షకు కూడా అదే కొలబద్ద పట్టారు. తప్పు సూరిది కాదు. ఒక పని కోసం రాసిన పుస్తకాన్ని అన్ని పనులకూ శాసనం చేసినవారిది.

గిడుగువారికి ఈ తేడా తెలుసు. ఆయన రాతలే దానికి సాక్ష్యం. ఆధునిక తెలుగు మీద 1913లో ఆయన వెలువరించిన విజ్ఞాపన పత్రం ఇంగ్లీషులో ఉంది, ఎందుకంటే నిర్ణయం తీసుకునేవారు చదివేది ఆ భాష. అది వాదం. ప్రత్యర్థి మాట చెప్పి, దాన్ని ఖండించి, తన మాట నిలబెడుతుంది. మరుసటి ఏడు గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం కూడా ఇంగ్లీషే. గద్యచింతామణిలో గిడుగువారు చేసింది వేరే పని. పాత వచనం నమూనాలు ఏరి పేర్చారు. అది సాక్ష్యం. గ్రాంథికవాదుల రాతల్లోనే వారి వ్యాకరణానికి నిలవని ప్రయోగాలు చూపడం ఇంకో పని. ఎదుటివాడి సాక్షినే తనవైపు తిప్పుకోవడం అది. వీటన్నిటికీ దూరంగా సవర భాష మీద ఆయన పని ఉంది. 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు. అక్కడ వాదం లేదు, ఖండన లేదు. సవరలు ఎలా మాట్లాడతారో అలా రాసుకున్నారు. అంత పట్టుదల గల వాది వర్ణనకు కూర్చున్నప్పుడు తన వాదాన్ని గుమ్మం బయట వదిలి వచ్చాడు.

ఆ దారిలోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశానికి పూనుకున్నారు. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. నాగలి భాగాలకు, పైరు దశలకు ఏ జిల్లా రైతు ఏ పేరు వాడతాడో సేకరించి పెట్టారు. ఏది ఒప్పు, ఏది తప్పు అని అందులో తీర్పు ఉండదు. అనంతపురం మాట పక్కన శ్రీకాకుళం మాట సమానంగా కూర్చుంటుంది. వర్ణన చేసేవాడి మర్యాద అది.

తీర్పు చెప్పాల్సిన చోట చెప్పకపోవడం కూడా లోపమే. 1914లో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారంలో కళాపూర్ణోదయ కావ్యాన్ని పరిశీలిస్తూ ప్రబంధ కవిత్వాన్ని నిలదీశారు. ఆయన తీర్పులతో ఎందరో విభేదించారు. విభేదించడానికి వీలైంది కూడా ఆయన కారణాలు చూపబట్టే. నేడు మన సమీక్షల్లో, పరిశోధన గ్రంథాల ముగింపుల్లో మిగిలింది ‘ఎంతో చక్కగా, అద్భుతంగా, హృద్యంగా’. విశేషణం పెరిగిన కొద్దీ కారణం తగ్గుతోంది. ‘అద్భుతం’ అన్నదాన్ని ఖండించలేం, ఒప్పుకోనూ లేం. అది బేరీజు కాదు, శాలువా కప్పడం.

చివరగా మీ ముందు మూడు విన్నపాలు పెడతాను. విద్యార్థులారా, ప్రాజెక్టు రిపోర్టు మొదటి పేజీలో నాలుగు వాక్యాలు రాయండి. దేన్ని గురించి, ఎందుకు, ఎలా, ఎవరి కోసం. ఆ తరువాత ప్రతి పేరా చివర ఆగి, ఇది ఏ పని చేసిందని అడగండి. జవాబు రాకపోతే ఆ పేరా కొట్టేయండి. అధ్యాపకులారా, పేజీలు లెక్కపెట్టి మార్కులు వేయకండి. అడిగింది నిర్వచనమైతే రెండు వాక్యాలకు పూర్తి మార్కులు ఇవ్వండి. వాదం అడిగినప్పుడు ఎదుటి పక్షం చెప్పని జవాబుకు కోత వేయండి. తెలుగులో పరిశోధన చేస్తున్నవారికి నా మాట ఇది. రుజువైన చోట ‘రుజువైంది’ అనండి, ఊహ అయిన చోట ‘కావచ్చు’ అనండి, రెంటినీ కలపకండి. గిడుగువారు మనకు వాడుక తెలుగులో చదువు రాసే హక్కు సంపాదించి పెట్టారు. ఆ తెలుగుతో ఏ పని చేస్తున్నామో తెలిసి రాయడం ఇక మన బాధ్యత.